మన బావుల డేటాబేస్‌కు ఏ ఓపెన్ లైసెన్సు పెడదాం?

పద్మారావునగర్_పద్మజ
మన బావుల షీట్ సంగతి ఇక్కడ చాలామందికి తెలిసిందే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల కనిపించిన ప్రతి చేదబావి, మెట్ల బావి, మోట బావి, కుంట ఎక్కడుంది, గట్టు ఎలా ఉంది, ఎండాకాలం నీళ్లుంటాయా, ఎవరైనా వాడుతున్నారా అని ఒక్కో వరుసలో రాసుకుంటూ వస్తున్నాం. లింకు ఉన్నవాళ్లెవరైనా తెరిచి చూడొచ్చు. ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్సు మాత్రం ఏదీ లేదు, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అడిగారు. ప్లాట్లు అమ్మే యాప్ వాళ్లొకరు మెయిల్ పెట్టారు. మీ డేటా ఇస్తే మా మ్యాపులో దగ్గర్లో ఉన్న పాత బావులు చూపిస్తాం, కింద మీ పేరు వేస్తాం అని. జవాబు రాద్దామని కూర్చున్నానో లేదో, సిరి ఇంకో సైటు లింకు పంపింది. అందులో మన వరుసలు బోలెడు. మన పేరు ఎక్కడా లేదు. మనవే అని ఎలా తెలిసిందంటే, వ్యాఖ్యల కాలమ్‌ను మక్కీకి మక్కీ దించేశారు. "గిలక పోయింది, జాలి మీద మిరపకాయలు ఆరబోసి ఉంటాయి, అడిగితే తీసి చూపిస్తారు" అని గౌస్ భాయ్ రాసింది అక్కడ అక్షరం పొల్లుపోకుండా ఉంది. పైగా ఫైల్ డౌన్‌లోడ్ చేసుకోవాలంటే డబ్బు కట్టమంటున్నారు.

నాకు కావాల్సింది ఇంతే. ఎక్కడైనా బావి పూడ్చేయబోతుంటే ఆపాలనుకునేవాళ్లకు ఈ సమాచారం అడ్డం లేకుండా దొరకాలి. మనవాళ్లు ఎండలో తిరిగి రాసింది ఎవరో తీసుకుని, బాగుచేసి, తాళం వేసి అమ్ముకోకూడదు. క్రియేటివ్ కామన్స్ వాళ్ల సీసీ జీరో (ఏ షరతూ ఉండదు), సీసీ బై (పేరు వేస్తే చాలు), బై-ఎస్ఏ (పేరు వేయాలి, మార్చి ఇస్తే అదే లైసెన్సులో ఇవ్వాలి), డేటాబేస్‌ల కోసం రాసిన ఓడీబీఎల్, ప్రభుత్వం వాళ్ల లైసెన్సు అంటూ తలా ఒకటి చెప్తున్నారు. ఏది పెడదాం?

కోడ్‌కూలి
సీసీ జీరో పెట్టి వదిలేయండి అక్కా. వికీపీడియా వాళ్ల డేటాబేస్ వికీడేటా 2012లో మొదలైనప్పటి నుంచీ సీసీ జీరో మీదే నడుస్తోంది, ఏమీ మునిగిపోలేదు. షరతులు పెంచినకొద్దీ వాటిని చదివి భయపడేది మంచివాళ్లే. ఎత్తుకుపోయేవాడు ఏ షరతూ చదవడు.

గోల్నాక_గౌస్
ఆ మిరపకాయల మాట ఊరికే రాలేదు తమ్ముడూ. ఆ ఇంటి పెద్దమ్మతో కూర్చుని చాయ్ తాగి, వాళ్ల మామ కాలంలో బావి ఎలా ఉండేదో అంతా విని రాసింది. దాన్ని ఎవడో అమ్ముకుంటుంటే, రేపటి నుంచి అది తప్పే కాదు అని మనమే రాసివ్వాలా? నాకు మింగుడు పడట్లేదు.

కోడ్‌కూలి
భాయ్, మీ కోపం న్యాయమే. నేననేది, వాళ్లు అమ్ముకున్నా మన షీట్ ఎక్కడికీ పోదు, ఉచితంగా ఇక్కడే ఉంటుంది. మనది వెతికితే దొరికేలా ఉంటే వాళ్ల దగ్గర ఎవరు కొంటారు?

సీతాఫల్‌మండి_సిరి
దొరకదు అన్నా. నేను గూగుల్‌లో వెతికితే వాళ్లదే పైన వచ్చింది. మనది షీట్ కాబట్టి అసలు కనపడదు.

పటాలపిచ్చోడు
జనమే కలిసి గీసే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఓఎస్ఎం) ఈ గొడవ ఏళ్ల తరబడి నడిచింది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ఓఎస్ఎం 2004లో మొదలైంది. అప్పట్లో సీసీ బై-ఎస్ఏ 2.0 పెట్టుకున్నారు. ఆ లైసెన్సు రాతలు, పాటలు, ఫొటోల కోసం రాసింది. డేటాబేస్‌కు సరిగ్గా అతకలేదు. ఎవరైనా మన డేటాతో గోడకు తగిలించే మ్యాపు అచ్చేస్తే, ఆ మ్యాపు బొమ్మను అదే లైసెన్సులో ఇవ్వాలా, లేక దాని వెనకున్న డేటానా? తేలేది కాదు. అందుకే డేటాబేస్‌ల కోసమే రాసిన ఓడీబీఎల్‌కు మారాలనుకున్నారు. ఆ లైసెన్సు 2009లో వచ్చింది. మారడం పూర్తయ్యేసరికి 2012 సెప్టెంబర్.

ఎందుకంత ఆలస్యం? అప్పటికే రాసినవాళ్లందరినీ ఒప్పుకుంటారా అని అడగాల్సి వచ్చింది మరి. కాదన్నవాళ్లవీ, అసలు జవాబే ఇవ్వనివాళ్లవీ మ్యాపులోంచి తీసేశారు. ఆస్ట్రేలియాలో బాగా దెబ్బ తగిలింది. ఉన్న రోడ్లనే మళ్లీ గీసుకోవాల్సి వచ్చింది.

కాబట్టి ఏది పెడతారన్నది ఒక ప్రశ్న, రాసినవాళ్ల దగ్గర ఒప్పుకోలు ఉందా అన్నది ఇంకో ప్రశ్న. రెండోదే పెద్దది. మన షీట్‌లో వరుసలు రాసి, తర్వాత అమెరికా వెళ్లిపోయినవాళ్లు, నంబరు మార్చేసినవాళ్లు ఎంతమంది ఉన్నారో చూశారా?

తెవికీ_రాత్రిషిఫ్టు
వికీపీడియా కూడా 2009లో లైసెన్సు మార్చింది, జీఎఫ్‌డీఎల్ అనే పాత ఉచిత లైసెన్సు నుంచి సీసీ బై-ఎస్ఏ 3.0కి. అక్కడ ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ పోలేదు, ఒక్క వాక్యం తీసేయలేదు. ఎందుకంటే పాత లైసెన్సులోనే "ఈ వెర్షన్ లేదా తర్వాత వచ్చే వెర్షన్" అనే మాట ఉంది. తర్వాతి వెర్షన్‌లో మారడానికి దారి ఇచ్చారు. అంతే.

పటాలపిచ్చోడు
అవును, ఓఎస్ఎం వాళ్లు కూడా కొత్త ఒప్పందంలో ఒక దారి పెట్టుకున్నారు. ముందుముందు ఇంకో ఓపెన్ లైసెన్సుకు మారాలంటే చురుగ్గా రాస్తున్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే చాలు. మనమూ మొదటిరోజే అది రాసుకోవాలి.

మోటబావి
నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. లైసెన్సుల లోతు నాకు తెలియదు. ఒక్కటి మాత్రం చెప్తాను. బన్సీలాల్‌పేట మెట్ల బావి ఏళ్ల తరబడి చెత్తతో నిండి ఉండేది. పూడిక తీసి, మెట్లు బాగుచేసి 2022 డిసెంబర్‌లో తెరిచారు. అక్కడ బావి ఉందని నలుగురికీ తెలియడం వల్లే అది బతికింది. అందరికీ తెలియనివ్వండి. మన పేరు వేస్తే చాలు, అంతకుమించి షరతులు ఎందుకు? సీసీ బై సరిపోదా?

బడిపంతులు_ఉప్పల్
నేను ఎన్‌సీ పెట్టమంటాను. వ్యాపారానికి వాడకూడదు అంటే ప్లాట్ల యాప్ సమస్య, డబ్బు తీసుకునే సైటు సమస్య రెండూ ఒకే దెబ్బకు తీరిపోతాయి.

గోల్నాక_గౌస్
పంతులు గారూ, మా దగ్గర బావుల్లో దిగి పూడిక తీసేవాళ్లున్నారు. తరాలుగా అదే పని. మన షీట్ చూసి వాళ్లు ఒక అపార్ట్‌మెంటు వాళ్ల దగ్గరికి పోయి "మీ వెనక బావి ఉంది, కడిగిస్తే నీళ్లు వస్తాయి" అని పని తెచ్చుకుంటే, అది వ్యాపారమే కదా? ఈ షీట్ నేను రాసేదే అలాంటోళ్ల చేతికి పోవాలని. ఎన్‌సీ పెడితే ముందు ఆగేది వాళ్లే.

తెవికీ_రాత్రిషిఫ్టు
పైగా ఎన్‌సీ పెడితే ఫొటోలు వికీపీడియా బొమ్మలు దాచే వికీమీడియా కామన్స్‌లోకి రావు. వికీపీడియాలోకీ రావు, ఓఎస్ఎంలోకీ రావు. ఓపెన్ డేటా అని ఎవరూ ఒప్పుకోరు. హెరిటేజ్ వాక్ నడిపించి మనిషికి ఇంత అని తీసుకునేవాళ్లూ, ప్రకటనలు వేసుకునే చిన్న పత్రికా, అందరూ మెయిల్ పెట్టి పర్మిషన్ అడగాలి. జవాబులు రాస్తూ పద్మజక్క కూర్చోవాలి.

బడిపంతులు_ఉప్పల్
పూడిక తీసేవాళ్ల సంగతి నేను ఆలోచించలేదు. సరే, ఎన్‌సీ వద్దు. కానీ ప్లాట్ల యాప్‌కు ఊరికే ఇవ్వడానికి ఇంకా మనసు రావట్లేదు.

నల్లకోటు_నల్లకుంట
లైసెన్సు ఎంచుకునే ముందు, లైసెన్సు ఇవ్వడానికి మన చేతిలో ఏ హక్కు ఉందో చూసుకోవాలి. ఇక్కడ చాలామంది అది ఉందనే అనుకుని మాట్లాడుతున్నారు.

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పట్టికలు, సంకలనాలు, కంప్యూటర్ డేటాబేస్‌లు సాహిత్య రచన కిందికే వస్తాయి. కానీ అందులోని విషయం మీద, అంటే "ఫలానా చోట బావి ఉంది" అనే నిజం మీద, ఎవరికీ కాపీరైట్ రాదు. కష్టపడి సేకరించాం కాబట్టి మాదే అనే వాదన కూడా ఒకప్పటిలా నిలబడదు. ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ డి.బి. మోదక్ కేసులో సుప్రీంకోర్టు 2007 డిసెంబర్‌లో ఇదే తేల్చింది. శ్రమ ఒక్కటే చాలదు, ఎంపికలో, అమరికలో నైపుణ్యం, వివేచన కనపడాలి, కనీసపు సృజన ఉండాలి అంది. అమెరికాలో 1991లోనే టెలిఫోన్ డైరెక్టరీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇలాంటి మాటే చెప్పింది.

యూరప్‌లో వేరు. అక్కడ 1996 నుంచి డేటాబేస్‌లకు ప్రత్యేక హక్కు ఉంది, 15 ఏళ్లపాటు. ఆ హక్కు మనకు లేదు. మన దేశంలో అలాంటి చట్టం లేదు, యూరప్ చట్టం బయటివాళ్లు చేసిన డేటాబేస్‌లకు వర్తించదు.

మన షీట్‌కు వస్తే, అక్షాంశాలు, రేఖాంశాలు, బావి రకం, నీళ్లు ఉన్నాయా లేదా అనే కాలమ్‌ల మీద మన పట్టు చాలా తక్కువ. వ్యాఖ్యల కాలమ్, ఫొటోలు మాత్రం గట్టిగా మనవే. గౌస్ భాయ్ రాసిన మిరపకాయల వాక్యం ఆయన రచన. దాన్ని యథాతథంగా వేసుకున్నవాళ్లకు ఈరోజే నోటీసు ఇవ్వొచ్చు, లైసెన్సు లేకపోయినా. నిజానికి లైసెన్సు లేకపోవడమే అంటే "ఎవరికీ అనుమతి ఇవ్వలేదు" అని.

గోల్నాక_గౌస్
మేడమ్, ఆ పెద్దమ్మకు ఈ సంగతి చెప్తే మిరపకాయల మీద కూడా హక్కు అడుగుతుంది 🙂 నోటీసుకు నేను రెడీ.

సీతాఫల్‌మండి_సిరి
అంటే సైటు వాడు వ్యాఖ్యలు తీసేసి మిగతా కాలమ్‌లు ఉంచుకుంటే మనం ఏం చేయలేమా?

నల్లకోటు_నల్లకుంట
కాపీరైట్ మీద ఒక్కటే ఆధారపడితే కష్టం. సీసీ లైసెన్సులకు, ఓడీబీఎల్‌కు తేడా వచ్చేది ఇక్కడే. సీసీ లైసెన్సు హక్కు ఉన్నచోటే పనిచేస్తుంది. చట్టం ప్రకారం అనుమతే అక్కర్లేని పనికి ఆ లైసెన్సు షరతులు అంటవు, ఆ మాట అందులోనే రాసి ఉంటుంది. ఓడీబీఎల్ మాత్రం కాపీరైట్ లైసెన్సుగానూ, ఒప్పందంగానూ రెండు రకాలుగా రాసింది. ఈ డేటాబేస్ వాడుకుంటున్నావంటే ఈ షరతులకు ఒప్పుకున్నట్టే అని. హక్కు బలహీనంగా ఉన్న మన దేశంలో ఆ రెండో కాలు పనికొస్తుంది. అయితే ఒప్పందం అన్నాక అవతలివాడు షరతులు చూశాడు, ఒప్పుకున్నాడు అని చూపించగలగాలి. ఎవరు పడితే వాళ్లు తెరిచే షీట్ లింకుతో అది కుదరదు. డౌన్‌లోడ్ పేజీ పెట్టి, అక్కడ షరతులు కనపడేలా ఉంచి, "ఒప్పుకుంటున్నాను" నొక్కాకే ఫైలు దిగేలా చేయండి.

కోడ్‌కూలి
పేజీ నేను కట్టిస్తా, ఒక సాయంత్రం పని. సీసీ జీరో వాదన మాత్రం వదలను. చట్టం ప్రకారమే ఆ కాలమ్‌ల మీద మనకు పెద్దగా హక్కు లేదని మేడమే అన్నారు. లేని హక్కుకు షరతులు కట్టడం ఎందుకు?

నల్లకోటు_నల్లకుంట
తక్కువ అన్నాను, లేదు అనలేదు. ఏ బావిని చేర్చాలి, ఏ రకం కింద వేయాలి, "బాగుంది, పాడైంది, పూడింది" అని ఎలా విడదీయాలి అని మీరంతా ఇక్కడే వారాల తరబడి వాదించుకున్నారు. ఆ ఎంపికలో వివేచన ఉందని నేనైతే కోర్టులో వాదిస్తాను. గెలుస్తానని మాట ఇవ్వను.

కాప్రా_చెరువుగట్టు
లైసెన్సు కన్నా నాకు వేరే టెన్షన్ ఉంది. 2024లో చెరువుల కబ్జాలు తొలగించే హైడ్రా వచ్చాక చెరువు హద్దు, కుంట హద్దు అంటే జనం ఉలిక్కిపడుతున్నారు. మన షీట్‌లో కుంటకు ఒక చుక్క పెడతాం. రేపు ఎవరో అది చూపించి "మీ ఇల్లు కుంటలో ఉంది" అని బెదిరిస్తే? లేదంటే "ఇక్కడ కుంటే లేదు, షీట్‌లో లేదుగా" అని ఇంకొకడు పూడ్చేస్తే?

పటాలపిచ్చోడు
సీసీ అయినా ఓడీబీఎల్ అయినా, ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, దేనికీ హామీ లేదు అనే మాట లోపలే ఉంటుంది. దానితోపాటు పేజీలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి: ఇది వాలంటీర్లు చూసి రాసినది, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి) హద్దు కాదు, హద్దు కోసం అధికారిక మ్యాపులే చూడండి అని.

కాప్రా_చెరువుగట్టు
అది పెడితే నాకు ఏ లైసెన్సైనా ఓకే.

మోటబావి
కుంటల జాబితాలో కొంత భాగం ప్రభుత్వ పట్టికల్లోంచి తెచ్చి కలిపినట్టు గుర్తు. దాన్ని మనం మన లైసెన్సులో ఇచ్చేయొచ్చా?

నల్లకోటు_నల్లకుంట
ఎక్కడి నుంచి తెచ్చారన్నదాన్ని బట్టి సార్. కేంద్రం 2012లో డేటా పంచుకునే విధానం తెచ్చింది. 2017లో దానికి గవర్నమెంట్ ఓపెన్ డేటా లైసెన్స్ వచ్చింది. ఆ లైసెన్సులో ఉన్నదైతే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, వ్యాపారానికీ వాడొచ్చు, మూలం పేరు చెప్పాలి. తెలంగాణకు 2016 నుంచి సొంత ఓపెన్ డేటా విధానం ఉంది, పోర్టల్ కూడా ఉంది. ఏ ఫైలు ఏ షరతు మీద ఇచ్చారో ఆ పేజీలోనే చూసి రాసిపెట్టుకోవాలి. ఆఫీసులో తెలిసినవాళ్లు ఇచ్చిన జిరాక్సు లోంచి ఎక్కించిన వరుసలుంటే మాత్రం పక్కన పెట్టండి.

పటాలపిచ్చోడు
దానికన్నా పెద్ద చిక్కు అక్షాంశ రేఖాంశాలు. బావి దగ్గర నిలబడి ఫోన్ జీపీఎస్‌లో చూసి రాసినవైతే అవి మనవి. ఇంట్లో కూర్చుని గూగుల్ మ్యాప్స్‌లో గుచ్చి తీసినవైతే కుదరదు. వాళ్ల సమాచారంతో వేరే డేటాబేస్ కట్టుకోకూడదని వాళ్ల షరతుల్లో ఉంది. ఓఎస్ఎంలో అలాంటివి కనపడితే తీసేస్తారు. మన షీట్‌లో "మూలం" అనే కాలమే లేదు. ఏ వరుస ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే ఏ లైసెన్సూ నిలబడదు.

సీతాఫల్‌మండి_సిరి
ఫోన్ జీపీఎస్‌తో తీసినవి గుర్తుపట్టొచ్చు. అక్కడే ఫొటో తీశాం కాబట్టి ఒరిజినల్ ఫొటో ఫైల్‌లో లొకేషన్ ఉంటుంది, వరుసతో సరిపోల్చితే చాలు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల్లో అది పోతుంది, వాటికి మళ్లీ అడగాలి. నేను మొదలుపెడతాను.

పద్మారావునగర్_పద్మజ
సిరీ, అది చాలా పెద్ద సాయం. పటాలపిచ్చోడు గారూ, పంతులు గారి సందేహం ఇంకా మిగిలే ఉంది. ఓడీబీఎల్ పెడితే ప్లాట్ల యాప్ వాళ్లు సరిగ్గా ఏం చేయాలి? నాకు ఉదాహరణతో చెప్పండి.

పటాలపిచ్చోడు
మూడు రకాలుగా ఆలోచించండి.

వాళ్లు మన డేటా తీసుకుని తమ మ్యాపులో చుక్కలుగా చూపిస్తే, మన డేటాబేస్ లోంచి వచ్చిందని, అది ఓడీబీఎల్‌లో దొరుకుతుందని అక్కడ రాయాలి. మ్యాపు బొమ్మ వాళ్లదే, దాన్ని ఏ లైసెన్సులోనైనా ఉంచుకోవచ్చు. వాళ్ల ప్లాట్ల జాబితా వేరే డేటాబేస్, మన పక్కన విడిగా పెట్టుకున్నంత మాత్రాన అది ఇవ్వక్కర్లేదు.

వాళ్ల మనుషులు తిరిగి ఇంకొన్ని బావులు కనిపెట్టి మన జాబితాలో కలిపారనుకోండి, తప్పులు దిద్దారనుకోండి. ఆ కలిపిన జాబితాతో చేసిన మ్యాపు జనానికి చూపిస్తే, ఆ జాబితాను కూడా ఓడీబీఎల్‌లోనే ఇవ్వాలి. అడిగినవాళ్లకు ఫైలు దొరకాలి. తాళం వేసిన రూపంలో అమ్ముకోవాలంటే తాళం లేని కాపీ కూడా పక్కన పెట్టాలి.

బయట ఎవరికీ చూపించకుండా ఆఫీసులోనే వాడుకుంటే ఏదీ ఇవ్వక్కర్లేదు. ఇది చాలామందికి నచ్చదు, కానీ లైసెన్సు అంతే.

గోల్నాక_గౌస్
ఇదీ న్యాయం. బావి దగ్గర చేద ఎవరైనా వాడుకోవచ్చు, నీళ్లు ఎవరైనా తోడుకోవచ్చు, చేద మాత్రం మళ్లీ గట్టు మీద పెట్టి పోవాలి. నా ఓటు ఓడీబీఎల్‌కు.

బడిపంతులు_ఉప్పల్
వాళ్లు కనిపెట్టిన బావులు మనకొస్తాయంటే నాకూ సమ్మతమే.

కోడ్‌కూలి
పెద్ద కంపెనీలు ఇలాంటి షరతులు చూస్తే దగ్గరికే రావు అంటున్నా.

పటాలపిచ్చోడు
ఓవర్చర్ మ్యాప్స్ ఫౌండేషన్ చూడు తమ్ముడూ. 2022 డిసెంబర్‌లో అమెజాన్, మెటా, మైక్రోసాఫ్ట్, టామ్‌టామ్ కలిసి పెట్టారు. అందులో ఓఎస్ఎం లోంచి తీసుకున్న రోడ్ల పొర ఓడీబీఎల్‌లోనే ఇస్తున్నారు. షాపులూ హోటళ్లూ ఉండే పొరకు వేరే మెత్తటి లైసెన్సు పెట్టుకున్నారు. అంటే పెద్దవాళ్లు కూడా షరతు చదివి, పాటించి, వాడుకుంటున్నారు.

కోడ్‌కూలి
సరే, ఆ పాయింటు ఒప్పుకుంటా. పాటల వివరాల ఉచిత డేటాబేస్ మ్యూజిక్‌బ్రెయింజ్ సంగతి కూడా వినండి. సీడీడీబీ అని 1993లో మొదలైంది. జనం తమ సీడీల్లోని పాటల పేర్లు టైపు చేసి పంపితే తయారైన డేటాబేస్. 1998లో కంపెనీ చేతికి పోయింది, గ్రేస్‌నోట్ అయ్యింది, 2008లో సోనీ కొన్నది. ఊరికే టైపు చేసి ఇచ్చినవాళ్లు చూస్తూ ఉండిపోయారు. ఆ కోపంలోంచి పుట్టినవాటిలో మ్యూజిక్‌బ్రెయింజ్ ఒకటి. మరి వాళ్లు ఏం పెట్టుకున్నారు? అసలైన డేటాకు సీసీ జీరో. అందరికీ వదిలేస్తే ఎవరూ ఒక్కడే పట్టుకుపోలేడని.

గోల్నాక_గౌస్
అదే కథ నాకు ఎదురు వైపు లాగుతోంది. రాసి ఇచ్చినవాళ్లకు ముందే ఏ మాటా రాసివ్వలేదు కాబట్టి పోయింది.

తెవికీ_రాత్రిషిఫ్టు
ఇద్దరూ కరెక్టే, అందుకే ఈ చర్చ ఇంత పొడుగైంది. నాకున్న బాధ ఒక్కటే. ఓడీబీఎల్ పెడితే షీట్‌ను వికీడేటాలోకి ఎక్కించలేం, అక్కడ సీసీ జీరో మాత్రమే. ప్రతి మెట్ల బావికీ వికీడేటాలో ఒక అంశం ఉండాలని నా కోరిక. తెలుగు పేరుతో సహా.

నల్లకోటు_నల్లకుంట
దానికి దారి ఉంది. వాలంటీర్లు తమ హక్కులు మనకు రాసివ్వడం లేదు, లైసెన్సు మాత్రమే ఇస్తున్నారు, అదీ మనకొక్కరికే అని కాదు. మీరు స్వయంగా చూసిన బావి వివరాలు మీరే వికీడేటాలో సీసీ జీరోగా రాసుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు. షీట్ మొత్తాన్ని ఒక్కసారిగా ఎక్కించడమే కుదరదు.

తెవికీ_రాత్రిషిఫ్టు
అయితే నాకు అభ్యంతరం లేదు. నేను చూసినవి నేనే ఎక్కిస్తా.

కోడ్‌కూలి
నేను రాసినవన్నీ సీసీ జీరోగా కూడా ఇస్తున్నా, ఇక్కడే రాసేస్తున్నా. మెజారిటీ ఓడీబీఎల్ అంటే పేజీ ఓడీబీఎల్‌తోనే కట్టిస్తా.

నల్లకోటు_నల్లకుంట
ఇంకో రెండు విషయాలు ఉన్నాయి. షీట్‌లో ఇంటి యజమాని పేరు, ఫోన్ నంబరు కాలమ్‌లు కనపడుతున్నాయి. ఏ ఓపెన్ లైసెన్సూ వాటిని పంచే అనుమతి ఇవ్వదు, ఇవ్వజాలదు కూడా. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది. అవి ప్రచురించే ఫైల్‌లో ఉండకూడదు. ఇంటి లోపలి బావులకు కచ్చితమైన చోటు కూడా వద్దు, వీధి వరకు చాలు.

రెండోది పిల్లలు. పంతులు గారి బడి పిల్లలు ఉప్పల్ వైపు చాలా వరుసలు రాశారు. 18 నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం మన చట్టంలో చెల్లదు. తల్లిదండ్రుల సంతకం తీసుకోండి.

బడిపంతులు_ఉప్పల్
తల్లిదండ్రుల సమావేశంలో తీసుకుంటాను. ఫారం తెలుగులో ఉండాలి, చదివి వినిపించేలా. పిల్లల పేర్లు బయటి ఫైల్‌లో వద్దు, బడి వాళ్లు రాశారు అని ఉంటే చాలు.

గోల్నాక_గౌస్
ఇంటి బావులకు వీధి వరకే అనడం మంచిది. నేను చూసిన రెండు దర్గా బావులకు మాత్రం కచ్చితమైన చోటు ఉంచొచ్చని వాటిని చూసుకునే ముతవల్లీలు ఒప్పుకున్నారు. పూడిక తీయించాలని వాళ్లకే ఆత్రం.

పద్మారావునగర్_పద్మజ
చాలామంది ఒకే వైపు వచ్చారు కాబట్టి ఇలా చేద్దామనుకుంటున్నా. డేటాబేస్‌కు ఓడీబీఎల్ 1.0. ఫొటోలకు సీసీ బై-ఎస్ఏ 4.0, కామన్స్‌లోకి కూడా వెళ్తాయి. వ్యాఖ్యలకూ అదే. మోటబావి సార్, మీరు కోరినట్టు పేరు వేయడం రెండింట్లోనూ ఉంది. పేర్లు, ఫోన్ నంబర్ల కాలమ్‌లు ఈరోజే తీసేసి వేరే తాళం ఫైల్‌లో పెట్టాను. షీట్ లింకు మూసేశాను, పేజీ వచ్చాకే తెరుస్తాను. మూలం తేలని వరుసలు మొదటి విడుదలలో ఉండవు. ప్లాట్ల యాప్ వాళ్లకు ఆగమని రాశాను. సైటు వాళ్లకు నోటీసు మేడమ్ చూస్తున్నారు.

వాలంటీర్లకు పంపే సందేశం ఇది, ఎవరైనా దిద్దండి:

"బావుల డేటాబేస్‌కు నేను ఇచ్చిన వివరాలు నేను స్వయంగా చూసి రాసినవి లేదా మూలం చెప్పి ఇచ్చినవి. వాటిని ఓడీబీఎల్ 1.0 కింద, నా ఫొటోలను, వ్యాఖ్యలను సీసీ బై-ఎస్ఏ 4.0 కింద ప్రచురించడానికి ఒప్పుకుంటున్నాను. చురుగ్గా రాస్తున్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే ఇంకో ఓపెన్ లైసెన్సుకు మార్చవచ్చు. నా వివరాలను నేను వేరేచోట వాడుకునే హక్కు నాకే ఉంటుంది."

మోటబావి
బాగుందమ్మా. మా శాఖలో రిటైరైన మిత్రులు నలుగురు వరుసలు ఇచ్చారు, వాళ్ల దగ్గర నేను తీసుకుంటాను. వాట్సాప్‌లో సరే అంటే చాలా, సంతకం కావాలా?

నల్లకోటు_నల్లకుంట
లైసెన్సు రాతపూర్వకంగా ఉండాల్సిందే. సంతకం తప్పనిసరి అనే మాట మాత్రం 2012 సవరణతో పోయింది. ఐటీ చట్టం ప్రకారం ఈమెయిల్ కూడా రాతే. కానీ ఉత్త "సరే" వద్దు సార్. సందేశం మొత్తం కింద "ఒప్పుకుంటున్నాను" అని పేరుతో జవాబు రావాలి. ఈమెయిల్ అయితే దాచుకోవడం సులువు.

పద్మజ గారూ, సందేశంలో ఒక ముఖ్యమైన మాట లేదు. ఎంతకాలం, ఎక్కడెక్కడ అని రాయలేదు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం కాలం రాయకపోతే 5 ఏళ్లు అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. 30ఏ సెక్షన్ వల్ల అది లైసెన్సులకూ వర్తిస్తుంది. "హక్కు ఉన్నంత కాలం, ప్రపంచమంతటా, రాయల్టీ లేకుండా" అని చేర్చండి.

పద్మారావునగర్_పద్మజ
చేర్చాను మేడమ్. సరిచేసిన సందేశం మొదటి పోస్టు కింద పెట్టాను. ముందుగా ఊరు వదిలి వెళ్లినవాళ్లకు పంపుతున్నాను. ఎవరి దగ్గరైనా పాత వాలంటీర్ల కొత్త నంబర్లుంటే ఇక్కడ రాయకండి, నాకు మెసేజ్ పెట్టండి.

సీతాఫల్‌మండి_సిరి
బాగ్‌లింగంపల్లి, విద్యానగర్ వరుసలకు మూలం నింపేశాను. తార్నాక వైపు ఒరిజినల్ ఫొటోలు ఎవరి దగ్గరున్నాయి?